చప్పుడు చేసే ఏసీ

ఏసీలు అమ్మే దుకాణంలో ఓ అత్తగారు, ఆవిడ కోడలు, ఆ ఇద్దరి మధ్యా చిక్కుకున్న సేల్స్‌మన్.

"ఇది వేసే ఉందా బాబూ?"

"వేసే ఉందమ్మా. ఇందాకట్నుంచీ నడుస్తూనే ఉంది. చప్పుడే రాదు, అదే దీని గొప్పతనం."

"చప్పుడు రాకపోతే నడుస్తోందో పడుకుందో నాకెలా తెలుస్తుంది? ఇంకోటి చూపించు."

"అత్తయ్యా, పాపం ఆయన మొహం చూడండి. అందరూ చప్పుడు లేనిదే కదా కొనుక్కునేది?"

"కొనుక్కోనీ. నేను వద్దన్నానా?"

"అసలిప్పుడు ఏసీ ఎందుకు అత్తయ్యా? ఎండాకాలం సగం అయిపోయింది."

"మిగతా సగం నువ్వు విసురుతావా నాకు?"

"విసురుతాను. పదండి ఇంటికి."

"విసురుతుందట! కూరలో ఉప్పేశావో లేదో గుర్తుండదు నీకు, నన్ను గుర్తుపెట్టుకుని విసురుతావా? నువ్వు చెప్పు బాబూ."

"గది ఎంతుంటుందమ్మా?"

"పదికి పన్నెండు. మేడ మీద గది. పడమటి గోడకి పొద్దుగూకేదాకా ఎండే."

"మనకి మేడెక్కడుంది అత్తయ్యా?"

"మేడ మీద గదిలా కాలిపోతోందంటున్నానే. ప్రతిదానికీ అడ్డం పడకు. అదిగో, నీ ఫోన్ మోగుతోంది."

"మీ అబ్బాయి. ఒక్క నిమిషం, అలా బయటికెళ్ళి మాట్లాడొస్తాను... ఆఁ, ఏవండీ, లేచారా? ... లేదు, ఇంకా చెప్పలేదు. ఏమని చెప్పమంటారు? అత్తయ్యా, మీ గిన్నెల మోతకీ, మీ రేడియోకీ మీ అబ్బాయికి పగలు నిద్రుండట్లేదు, అందుకని మేం వేరే ఇల్లు చూసుకున్నాం అనా? ... బాగుందండీ! కన్నది ఆవిడ, రాత్రి డ్యూటీలు మీవి, చెప్పి చెడ్డయ్యేది నేనా? ... అదే నా బాధ. మన గదికే అనుకుంటా, ఏసీ కొనేస్తోంది పిచ్చి మనిషి. బిల్లు రాసేలోపు చెప్పేస్తాను. చెప్తానన్నానా! ఉంటాను."

"ఏమంటున్నాడు?"

"ఏం లేదు. సరిగా నిద్ర పట్టలేదట."

"ఇంకా ఎలా పట్టాలి వాడికి? వాడి నిద్ర కోసం ఆ ఇంట్లో పిల్లిలా తిరుగుతున్నాను."

"పిల్లిలానా? మీరా?"

"ఏం, కాదా? రేడియో చెవి దగ్గర పెట్టుకుని వింటున్నానా లేదా?"

"మీ చెవి దగ్గరే అత్తయ్యా. కాకపోతే వీధి చివరిదాకా అందరి చెవుల్లోనూ..."

"నోరు చూడు దీనికి! బాబూ, ఆ మూలనున్నదేంటి?"

"అది కిటికీకి బిగించే పాత రకం అమ్మా. ఎవరూ అడగట్లేదని వెనక్కి తోసేశాం. గర్రుమంటుంది, తర్వాత నన్ననకూడదు."

"వెయ్యవయ్యా ముందు... ఆఁ! ఇదీ. ఇంట్లో ఓ మనిషున్నట్టుంది."

"లారీ ఉన్నట్టుంది అత్తయ్యా!"

"లారీ అయితే మరీ మంచిది. బిల్లు రాసెయ్ బాబూ."

"ఆగండి! రాయకండి. అత్తయ్యా, ఇలా రండి, మీతో ఓ మాట చెప్పాలి."

"ఇంటికెళ్ళాక చెప్పు."

"ఇప్పుడే చెప్పాలి. మీరు కోప్పడకూడదు, బాధపడకూడదు. మేము... అంటే మీ అబ్బాయీ నేనూ..."

"ఎన్నో నెల?"

"అయ్యో, అది కాదు!"

"మరి కంగారెందుకే? ఉండు, ఆయనేదో అడుగుతున్నాడు."

"ఎక్కడికి పంపమంటారమ్మా?"

"రాసుకో. పెద్ద మందుల షాపు ఉంది చూడు, దాని మేడ మీద. మెట్లెక్కగానే కుడిచేతి గది."

"అత్తయ్యా, అది మనిల్లు కాదు."

"మనిల్లని ఎవరన్నారు? నా ఇల్లు. ఒకటో తారీఖు నుంచి."

"అదేంటి అత్తయ్యా!"

"నీకెలా చెప్పాలో తెలీక లోపల్లోపలే గింజుకుంటున్నాను. మీ మీద కోపమేం లేదు, ఒట్టు. కానీ గిన్నె కింద పెట్టాలంటే భయం, గట్టిగా దగ్గాలంటే భయం. ఇంక నా వల్ల కాదే. నా గదిలో నేను రేడియో గట్టిగా పెట్టుకుని, దాంతో పాటు పాడుకుంటూ వండుకుంటాను. వాడికి మాత్రం నువ్వే చెప్పాలి."

"మాకొక్క మాటైనా చెప్పకుండా ఇల్లు చూసేసుకున్నారా? ఇంత గుట్టుగానా?"

"చూడు, ఆ కళ్ళనీళ్ళేంటి? సరే, నువ్వేదో చెప్పబోయావుగా. ఏంటది?"

"ఏం లేదు."

"అబ్బో! కోప్పడకూడదూ, బాధపడకూడదూ అన్నావు?"

"ఏం లేదంటే ఏం లేదు. ఉండండి, మీ అబ్బాయికి ఫోన్ చేస్తున్నాను... ఏవండీ! ... లేదు, చెప్పలేదు. చెప్పను కూడా. ... నిద్రా లేదు, గిద్రా లేదు, మీరు ముందు లేచి రండి. మీ అమ్మ మనల్ని వదిలేసి వెళ్ళిపోతోందండీ!"