ముప్పావుగంట గమ్ము

ఇందుకూరుపేటలో హజరత్తయ్య ఇంటి వసారా. ఊడిన కుర్చీకాలిని అతికించి, రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చున్నాడాయన. ఎదురుగా భార్య మస్తానమ్మ.

"కదలబాక. కాలు వంకరగా అతుక్కుంటది."

"ఇంకెంతసేపు మే?"

"ముప్పావుగంట పట్టుకోవాలంట. ఇప్పటికి పది నిమిషాలే అయింది."

"ముప్పావుగంటా! అయిదు నిమిషాల్లో పట్టేసే గమ్ము లేదా అంగట్లో?"

"ఈ ఉప్పుగాలికి అది నిలవదంట."

"ఎవురు చెప్పినారు?"

"తెలిసినోళ్ళు."

"తెలిసినోళ్ళంటే?"

"ముందు కాలు చూసుకో. పక్కకి పోతా ఉండాది."

"నా క్లాంపులు యాడబెట్టినావు? అవి బిగిస్తే నాకీ ఖర్మ లేదు గదా."

"పక్కింటి నరేంద్రబాబు అడిగితే పొద్దున ఇచ్చేసినా."

"ఈ రోజే ఇయ్యాల్నా? సరే, తాడన్నా తే. కట్టేస్తా."

"తాడు బర్రె మెడలో ఉండాది."

"అబ్బబ్బ... ముక్కు దురదే."

"ఉండు, నేను గోకుతా. మన బిడ్డ వినీల ఫోన్ చేసింది."

"రొయ్యల గుంట కాడ నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్ ఆగిపోయిందంట. నేను పోవాల."

"పో. కుర్చీ మీ నాయనది. ఇరిగితే ఇరిగింది."

"అదేంది మే, అట్టంటావు?"

"ఎనిమిది నెల్లాయె. బిడ్డ మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఏరేటరే ఆగిపోయిందా?"

"రొయ్యలు చస్తే నువ్వు బతికిస్తావా?"

"రొయ్యల మాట కాదు. పెళ్ళిచూపుల్లో, చుట్టాలందరి ముందర దాని చెంప పగలగొట్టినావు. తడలో ఆ కుర్చీల కంపెనీలో పని మాననన్నందుకు."

"కోపమొచ్చింది, కొట్టినా. ఇంక ఆపు."

"ఇంకా కోపమేనా?"

"చేతులు లాగతా ఉండాయి. నీళ్ళు తాగియ్యి."

"తాగిస్తా. కోపమేనా?"

"కాలు మళ్ళీ పక్కకి పోతా ఉండాది, చూడు."

"నిన్నే అడిగేది."

"కోపం యాడుంది మే. ఆ పొద్దే పోయింది."

"మరి?"

"ఏ మొగం పెట్టుకుని చూసేది దాన్ని? పసిబిడ్డప్పుడు కూడా చెయ్యెత్తలా నేను. అంతమందిలో తలొంచుకుని నిలబడింది, ఒక్క మాట అనలా. తప్పు నాదే. సిగ్గేస్తా ఉండాది. దాని గొంతు వింటే కాళ్ళు వాటంతట అవే గుంట కాడికి పోతాయి. నేనేం జేసేది?"

"ఈ మాటే దానికి చెప్పరాదా?"

"చెప్తాలే. ఒకరోజు."

"ఏ రోజు?"

"ఏదో ఒకరోజు. ముందు నీళ్ళు తే."

"నేను తేను. వినీలా, విన్నావు గదా? ఆ చెంబు పట్టుకుని వచ్చెయ్ లోపలినించి."

"ఎవురు? మే... మే, ఇది మోసం! పొద్దున్నుంచీ ఇంట్లోనే ఉండాదా? నేను... గుంట కాడ..."

"కదలబాక నాయనా. అయిదు నిమిషాల గమ్మయినా ఈ కుర్చీకి చాలు. ముప్పావుగంటది తెమ్మని అమ్మకి చెప్పింది నేనే."