మల్లేశం పత్యం

"మా నాయినకు కడుపు ఎట్ల కరాబైంది పెద్దబాపూ? నాకు ఎవ్వలూ సరిగ చెప్పలే" అని అడిగిన. శుక్రవారం సెలవు, దోహాల, అల్ ముంతజాల ఉన్న నా రూముకు పెద్దబాపు వచ్చిండు. చాయ పక్కకు పెట్టి చెప్పుడు మొదలువెట్టిండు.

గోలీల కాన్నుంచి చెప్పాలె బిడ్డా. కాదు, అంతకు ముందు, తిండి కాన్నుంచి. బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంప్ల మెస్‌కు వండుతగద నేను, ఇప్పటికీ గదే పని. మీ నాయిన మల్లేశం నా తోడబుట్టినోడే, అయినా అందరి లెక్క పళ్ళెం పట్టుకొని లైన్ల నిలవడేటోడు. ఏం పెడ్తుంటి? తెల్లన్నం, కోడికూర, మైదా ఖుబూసు రొట్టె. ఆలుగడ్డ, అదీ పొట్టు తీసి. కంపెనీ ఇచ్చిన సామానే వండాలెగద. మా చిన్నప్పుడు, నీకు తెల్వది గని, జొన్నలు అగ్గువ, బియ్యం పిరం. పండుగనాడే తెల్లబువ్వ. మీ నాయిన దానికోసం ఏడ్చేటోడు. ఇక్కడ రోజూ అదే. ఖుషీగనే తిన్నడు, అబద్ధమెందుకు.

స్టేడియం పని జోరు మీదుండె. ప్రపంచకప్పని దేశమంత తవ్వి పెట్టిండ్రు. ఎండల కడుపు కదిలితే డ్యూటీ ఆగదుగద. ఊరి నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్ గోలీ ఏసుకునుడు, బస్సెక్కుడు. తక్కువైతే బందు, మల్లొస్తె మల్ల ఏసుకునుడు. అందరం గట్లనే చేసినం. వాన్నే పట్టుకున్నది. దొడ్డికి పోతే నెత్తురు పడ్డది.

ఇక్కడి దవాఖానల మన హైదరాబాద్ డాక్టరమ్మ ఉండె. పేగుల్ల కంటికి కనవడని జీవులుంటయట. మనకు అరగని పీచు, పొట్టు వాటికి తిండి. అవి అది తిని ఒక తీరు ఆమ్లం చేస్తయట, పులుపసొంటిది, అదే పేగు గోడకు బువ్వ అన్నది. గోలీలతోని చానా చచ్చినయి, మిగిలినవాటికి నువ్వు తిండి వెడ్తలేవు, మందు వాడుకుంట మెల్లమెల్లగ జొన్న, పప్పు, ఆకుకూర అలవాటు చెయ్యి అన్నది. బయటికొచ్చి నవ్విండు వాడు. "నా కడుపుల గూడ ఒక క్యాంపున్నదటనే అన్నా. దానికి మెస్ లేదట."

ఇక్కడ గవన్ని ఎక్కడివి? ఇంటికి పొమ్మన్న. పోయిండు. మా అవ్వ, మీ నాయినమ్మ, పత్యం పెట్టింది. కడుపు బాగలేనోనికి పీచా, పప్పా అని. మెత్తటన్నం, చారు. ఊరోళ్ళకు ఖతర్ గూడ దుబాయేగద, మల్ల దుబాయ్ నుంచొచ్చినోనికి జొన్న గట్క పోస్తే వాడకట్టోళ్ళు ఏమనుకుంటరని గూడ. నేను ఫోన్ చేసి డాక్టరమ్మ మాట చెప్తే, "నువ్వు వంటోనివా డాక్టర్‌వా రా" అన్నది. ప్రేమనే బిడ్డా అది, కాదంటలేను. మల్ల కడుపు కదిలిందని ఊరి డాక్టర్ మల్ల గవే గోలీలిచ్చిండు. పేగుకు చిల్లు పడ్డదన్నరు. నేను టికెట్ దొరికిచ్చుకొని వచ్చేసరికి...

పెద్దబాపు చాయ గ్లాసు అందుకున్నడు. నేను అడగొద్దనుకున్నదే అడిగిన. "నాయినమ్మ చెప్తే ఆ పత్యం వండింది నేనే పెద్దబాపూ. జొన్నలు పెడితే బతికేటోడా?"

తెల్వది బిడ్డా. డాక్టరమ్మను అడిగిన, ఆమెకూ తెల్వదట. ఒక్క తిండే అని చెప్పలేమన్నది. బతుకుతుండె అంటే నీ మీద పడ్తది. బతకకపోతుండె అంటే ఎండ మీద, పని మీద, నా పొయ్యి మీద పడ్తది. ఎటు చెప్పినా వాడైతే రాడుగద.

రేపు పొద్దుగాల మల్ల గదే తెల్లన్నం. కొత్త పోరలు దిగుతున్నరు. కడుపు కదిలితే, "గోలీ ఉన్నదా కాకా" అని నా దగ్గరికే వస్తరు. లేదంటే పక్క రూముల అడుక్కుంటరు. శనగలు, ఆకుకూర పెడదాం సార్ అని సూపర్‌వైజర్ను అడిగిన, అరబ్బీల మాఫీ అన్నడు, లేవన్నట్టు. ఎవనికి చెప్పాలె, ఎవడింటడు...

నువ్వన్న సల్లగుండు బిడ్డా. తిను, మంచిగ తిను అనాలె నేను. ఏం తినుమని చెప్పాల్నో...