బావ బండి సౌండు

బామ్మర్ది ఆ సాయంత్రం తన బండి తాళం చేత్తో పట్టుకునే టీకొట్టుకి వచ్చాడు. పాత బండి, అందులోనూ చిన్న బండి. రెండు ట్రేల బ్రెడ్డు కట్టుకుని ఎత్తు రోడ్డు ఎక్కబోతే సగంలోనే దగ్గు మొదలుపెడుతుంది. "ఇంకొక్కసారి ఆలస్యమైతే పైనున్న కొట్లకి బ్రెడ్డు వేసే పని వేరేవాడికి ఇచ్చేస్తా" అని బేకరీ యజమాని ఆ పొద్దున్నే తెగేసి చెప్పాడు. పాపం, ఏడుపొక్కటే తక్కువ. అందుకే అక్క మొగుణ్ణి వెతుక్కుంటూ పరిగెత్తుకొచ్చాడు. ఇంట్లో కూర్చుని ఇంజను విప్పి బండి పవరు పెంచిన మొనగాడు ఈ వీధి మొత్తానికి బావ ఒక్కడే. ఆ మాట ఎవరన్నారంటే, బావే అన్నాడు.

టీకొట్టు ఎత్తు రోడ్డు కింది మొదట్లో ఉంది, బావ ఇల్లు పై చివర. బావ బండి కొట్టు పక్కనే తళతళలాడుతూ నిలబడి ఉంది. పాత చొక్కాలో చుట్టిన పానాల మూట బెంచీ కింద సిద్ధంగా ఉంది.

"విప్పడానికేముందిరా, చిటికెలో పని. ముందు కూర్చో, అసలు పవరంటే ఏంటో చెప్తా" అన్నాడు బావ. టైలరు జరిగి చోటిచ్చాడు. లెక్కల మాస్టారు పేపరు మడిచాడు. టీకొట్టు పిన్ని గ్లాసులు కడగడం మొదలుపెట్టింది.

"మొదట్లో నేనూ పెద్దగా ఏమీ చెయ్యలేదురా బామ్మర్దీ, ఊరికే సైలెన్సరు ఊడదీసి లోపలున్న జాలీ పీకేశా, అంతే. బండికి ఊపిరాడింది. ఊపిరాడితే ఆకలేస్తుంది కదా? అందుకని కార్బురేటర్లో పెట్రోలొచ్చే కన్నం కాస్త పెద్దది చేశా. దేనితో? మిషను సూదితో! ఇదిగో, ఈ టైలర్నే అడిగి పట్టుకెళ్లా, అవునా కాదా?"

"పట్టుకెళ్లావన్నా. తిరిగివ్వలేదు."

"అదిప్పుడు ఇంజన్లో భాగమైపోయిందయ్యా! ఆ తర్వాత ఇంజను మీది మూత, అదే హెడ్డు, ఊడదీసి, వంటింటి గచ్చు మీద గరుకు కాగితం పరిచి, దాని మీద పెట్టి రుద్దీ రుద్దీ అద్దంలా చేశా. మీ అక్క అందులో చూసుకునే జడేసుకుంది, కావాలంటే అడుగు. అన్నీ బిగించేశాక చూస్తే గుప్పెడు బోల్టులు మిగిలాయి."

"మిగిలాయా?" అన్నాడు మాస్టారు.

"మిగలవు మరి? కంపెనీవాళ్లు అనవసరంగా పెట్టినవన్నీ మిగిలాయి. బరువు తగ్గింది, పవరు పెరిగింది. ఇక కిక్కు కొట్టానో లేదో, అటక మీద గిన్నెలన్నీ దిగొచ్చి వాటంతటవే వరసగా నిలబడ్డాయి. మొదటి గేరు వేశా. నేను బయల్దేరా కానీ నా చొక్కా ఇంట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో గేర్లో రైలు కనపడింది. పక్కనే వెళ్తుంటే రైలు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, 'అన్నా, నువ్వెలాగూ ముందే పోతావు, స్టేషన్లో మేం వస్తున్నామని చెప్పు' అని బతిమాలాడు. చెప్పా. పాపం, స్టేషనువాళ్లింకా నమ్మలేదు."

టైలరు నవ్వాపుకోలేక మూతి తుడుచుకున్నాడు. బామ్మర్ది మాత్రం రెప్ప వెయ్యలేదు. రేపు రెండు ట్రేలతో ఎత్తు రోడ్డు మీద రివ్వున దూసుకెళ్తున్న తన బండి వాడికి అప్పుడే కళ్లముందు కనపడుతోంది.

"మూడో గేర్లో నా నీడ వెనకపడిపోయింది. పొద్దుగూకాక కుంటుకుంటూ ఇంటికొచ్చింది, మీ అక్క మంచినీళ్లిచ్చింది. ఇక నాలుగో గేరు సంగతి చెప్పకూడదు కానీ, మనవాళ్లు కాబట్టి చెప్తున్నా. మధ్యాహ్నం బయల్దేరినవాణ్ణి పొద్దున్నే వచ్చి చేరా! చూస్తే ఇదే బెంచీ మీద నేనే కూర్చుని టీ తాగుతున్నా. 'కాస్త జరగండి' అన్నా నాతో నేనే."

"అందుకా ఆ రోజు ఒక గ్లాసు తక్కువొచ్చింది!" అంది పిన్ని తలెత్తకుండానే.

"చూశారా, సాక్ష్యం! ఇంకోటి. నేనొచ్చేటప్పుడు బండి చప్పుడు మీరెవరైనా విన్నారా ఎప్పుడైనా?"

అందరూ ఆలోచించారు. నిజమే, ఎవరూ వినలేదు. పిల్లిలా వచ్చి ఆగుతుంది బావ బండి.

"సౌండు నన్ను అందుకోలేదయ్యా! నేను దిగి టీ తాగేసినా అది ఇంకా దార్లోనే ఉంటుంది. ఇక పెట్రోలంటారా, చుక్క కొని నెలలైంది. ఆ స్పీడుకి గాల్లోంచే పట్టుకుని తాగుతుంది. బంకువాడు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు. ఏరా, ఇలా తే తాళం!"

బామ్మర్ది చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది.

"బాబూ, తాళం జేబులో పెట్టుకో" అంది పిన్ని.

గ్లాసుల చప్పుడు ఆగింది. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని బయటికొచ్చింది.

"నాకూ ఈయన కథలంటే ఇష్టమే నాయనా, నవ్వుకుంటూ ఇన్నాళ్లూ నోరు మెదపలేదు. కానీ నీ బ్రెడ్డు సంగతి తలుచుకుంటే మనసొప్పటం లేదు. మీ బావ చెప్పింది నిజమే, సౌండు ఆలస్యంగా వస్తుంది. రోజూ నేను కొట్టు కట్టేసేటప్పుడు వస్తుంది. టపటపా చెప్పులు, హుమ్మంటూ ఆయాసం, మధ్యలో నాలుగు చోట్ల ఆగి 'ఓరి దేవుడో' అని. పొద్దున ఇంజను స్టార్టవ్వని బండి మీద పై నుంచి జారుకుంటూ వస్తాడు. సాయంత్రం మీరంతా ఇళ్లకి పోయేదాకా కథ సాగదీస్తాడు. ఎందుకు? ఎవరూ చూడకుండా పైకి తోసుకెళ్లాలి కదా!"

బావ ఖాళీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఇప్పుడు లెక్క సరిపోయింది" అన్నాడు మాస్టారు. "ఆ బోల్టులతో సహా."

బామ్మర్దికి ముందు ఒళ్లు మండింది. ఇంకొక్క నిమిషమైతే తన బతుకు తెరువు వంటింటి గచ్చు మీద ముక్కలు ముక్కలుగా పడి ఉండేది. తాళం జేబులో వేసుకుని, రేపటినుంచి ఇంకాస్త ముందే లేచి, ఒక్కో ట్రే చొప్పున రెండుసార్లు ఎక్కాలని అక్కడికక్కడే నిశ్చయించుకున్నాడు. లేచి నాలుగడుగులు వేశాడు కూడా. వెనక్కి తిరిగి చూస్తే, పానాల మూట చంకలో పెట్టుకుని, రోడ్డుకేసి ఒకసారి, మనుషులకేసి ఒకసారి చూస్తూ నిలబడిన బావ కనపడ్డాడు. జాలేసింది.

"పద బావా, నేను వెనక నుంచి తోస్తా" అన్నాడు.

టైలరూ మాస్టారూ చూస్తుండగానే ఇద్దరూ ఎత్తు రోడ్డు ఎక్కారు. బావ హ్యాండిలు పట్టుకున్నాడు, బామ్మర్ది సీటు వెనక నుంచి తోశాడు. సగం దూరం వెళ్లారు. అక్కడ బావ ఆగి, రొప్పుతూ, నుదురు తుడుచుకున్నాడు.

"ఒరేయ్ బామ్మర్దీ... మనం దీన్ని తోస్తున్నామనుకుంటున్నావు కదూ? పిచ్చోడా... పట్టుకుని ఆపుతున్నాం రా! వదిలామంటే ఆకాశంలోకి పోద్ది!"

బామ్మర్దికి నవ్వాగలేదు. చేతుల్లో పట్టు జారింది. బావ ఒక్కడూ ఆపలేకపోయాడు. బండి వాళ్లిద్దర్నీ తప్పించుకుని, ఏ చప్పుడూ లేకుండా, వెనక్కి జారుకుంటూ పోయి కొట్టు పక్కనున్న ఇసక కుప్పలో కూలబడింది.

కింద నుంచి పిన్ని గొంతు వినపడింది.

"అప్పుడే వచ్చేశావా నాయనా? సౌండే వినపడలేదే!"