కీపర్ వెనక పెద్దాయన

సగం ఆట అయింది. ఎప్పటిలాగే రెండూళ్ల అభిమానులూ తమ జట్టు గోల్ కొట్టాల్సిన వైపుకి మారడానికి నడుస్తున్నారు. ఎర్ర మఫ్లర్ పెద్దాయన టీ కొట్టు దగ్గర ఆగాడు. నీలం మఫ్లర్ కట్టుకున్న ఆవిడ వెనకే వచ్చింది.

“మా కీపర్ వెనక నిలబడి ‘జల్లెడ చేతులోడా’ అని అరిచింది మీరేగా?”

“నేనే. ఏం?”

“వాడు మా అబ్బాయి.”

“అయ్యో! ఏమనుకోకండమ్మా. పక్కూరితో ఆటంటే నా నోరాగదు.”

“మరి చివర్లో ఎందుకు ఆపేశారు? అదీ నా బాధ.”

“గొంతు పోయింది.”

“అప్పుడే కదండీ రెండు గోల్సూ పడ్డాయి! ఎవరూ తిట్టకపోతే మావాడికి నిద్రొచ్చేస్తుంది. ఇంట్లోనూ అంతే. ఇదిగో, ఈ దగ్గు బిళ్ల చప్పరించండి.”

“అంటే, నేను నోరు మూసుకుంటే మేం గెలుస్తామన్నమాట!”

“మూసుకోగలరా?”

“చూస్తూ ఉండండి!”

బిళ్ల బుగ్గన పెట్టుకుని ఆయన అవతలి వైపుకి వెళ్లాడు. మళ్లీ ఆ కుర్ర కీపర్ వెనకే, కంచె పట్టుకుని, మూగనోము పట్టినట్టు నిలబడ్డాడు. కీపర్ ఒకటికి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

“ఏం తాతా, ఒంట్లో బాగాలేదా? మీ ఇంటికి ఫోన్ చెయ్యమంటావా?”

“నాకేం రోగంరా, జల్లెడ చేతులోడా! ముందా బంతి చూసుకో!”

చూసుకున్నాడు. మూలకి దూసుకొస్తున్న బంతిని అడ్డంగా ఎగిరి ఒడిసి పట్టుకున్నాడు.

“శభాష్‌రా!”

ఆ కేక ఎర్ర మఫ్లర్ల మధ్యలోంచే వచ్చింది. ఎవడు వాడని అందరూ తనకేసి తిరిగేసరికి, పెద్దాయన గట్టిగా దగ్గు తెచ్చుకున్నాడు.