లూప్ లోపలి సున్నా

ఉదయం ఆరున్నరకు నంద్యాలలోని ఇంట్లో లెక్కల మాస్టారు రాసిన ప్రోగ్రాం మళ్లీ తప్పింది. ఐదుగురు పిల్లలను లెక్కపెట్టమంటే ఒకటి అని చూపింది. అదే పాఠం ఆయన ఆళ్లగడ్డ బడిలో మొదటి పీరియడ్‌లో చెప్పాలి. తొమ్మిదో తరగతి చదివే కూతురు వచ్చి పక్కన కూర్చుంది.

“నా వల్ల కాదు పాపా. ఈ క్లాసు ఇంకెవరికన్నా ఇయ్యమని హెడ్మాస్టరుకు చెప్తా.”

“పోయిన నెలదాకా తెర మీద బ్లాకులు పేర్చి ప్రోగ్రాం బాగానే చెప్తాంటివి కదా నాయనా.”

“ఆడ లెక్క దాచే వేరియబుల్ చేస్తానే దాంట్లో సున్నా ఉంటాండె. ఈడ టైపు చేసేదాంట్లో మనమే పెట్టల్లంటివి. పెట్టినా కదా.”

“యాడ పెట్టినావో చూడు. లూప్ లోపల పెట్టినావు. అది తిరిగినప్పుడల్లా లెక్క సున్నా అయితాంది.”

“జొన్నలు కొలిచేటప్పుడు ప్రతిసారీ శేరు ఖాళీ చెయ్యమా? అట్లనే అనుకుంటి.”

“శేరు ఖాళీ చేస్తావు, సరే. లెక్క కూడా మర్చిపోతావా? అవ్వ ఎట్ల కొలుస్తాది?”

“మొదటి శేరుకు ఒకటి అనకుండా లాభం అంటాది. తర్వాత రెండు, మూడు.”

“నువ్వయితే ప్రతి శేరుకూ లాభం, లాభం అంటాండావ్.”

ఆయనకు నవ్వొచ్చింది.

“మీ అవ్వ వింటే కల్లంలోకి రానియ్యదు నన్ను.”

“ఆ సున్నా వరస లూప్‌కు పైన పెట్టు.”

పెట్టాడు. ఐదు వచ్చింది.

“ఇంగ హెడ్మాస్టరుకు ఏం చెప్తావు?”

“బస్సు పోతాది. మీయమ్మను బేగా టిఫిన్ పెట్టమను.”

ఆళ్లగడ్డ బడిలో మొదటి పీరియడ్ గంట కొట్టారు. ఆయన ఎనిమిదో తరగతి గదిలోకి వెళ్లాడు.