రేకు మోగని ఆదివారం

ఏంట్రా అల్లుడూ, ఆ ఫోనులో అంత గొడవ? స్టూలు మీద నిలబడ్డప్పుడైనా దాన్ని పక్కన పెట్టు. ఒక కాలు పైకి, ఒక కాలు కిందికి కుట్టానంటే మావయ్యకి కళ్లు కనపడటం లేదని వెళ్లి మీ అమ్మతో చెప్తావు. ఏంటీ, మీ వింగరు వెళ్లిపోతాడా? పెద్ద క్లబ్బు వాళ్లు అడుగుతున్నారా? మరి నువ్వేమంటున్నావు, వెళ్లాలనా, ఉండాలనా? ఉండాలనే అంటావులే. అందరం అదే అంటాం. ఆడేవాడికి ఇంకా ఇరవై రెండేళ్లు నిండవు, వాడు ఎక్కడ బతకాలో మనం టీ తాగుతూ తేల్చేస్తాం. మొహం అలా పెట్టకు, నిన్ను అనటం లేదు. నన్ను నేను అనుకుంటున్నాను. తిరుగు ఇటు.

మన నూలు మిల్లు ఫుట్‌బాల్ జట్టులో ఒకడుండేవాడు, లెఫ్ట్ వింగు, ఎడమ అంచున ఆడేవాడు. సున్నం అనేవాళ్లం. అసలు పేరు మిల్లు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. సున్నం అని ఎందుకంటే, మైదానం అంచున సున్నంతో గీత గీస్తారు చూడు, వాడు ఆ గీత మీదే ఆడేవాడు. ఆట అయ్యేసరికి ఎడమ బూటు తెల్లగా అయిపోయేది. బంతి గీత దాటిపోయిందనుకుని అవతలివాళ్లు చెయ్యెత్తి రిఫరీ వైపు చూసేవాళ్లు, వాళ్లు తల తిప్పుకునేలోపు వీడు బంతితో సహా ఇరవై గజాలు పోయి ఉండేవాడు. మనిషి చూస్తే ఏమీ ఉండడు. బక్కపలచన. జట్టుకి జెర్సీలు నేనే కుట్టేవాణ్ణి కదా, అందరికీ ఒక కొలత, వాడికి మాత్రం బడిపిల్లాడి కొలత. మిల్లులో నూలు చుట్టే బాబిన్లు మోసే పని. వారమంతా ఆ దూది పొడి పీల్చి ఖళ్లు ఖళ్లున దగ్గుతూ ఉండేవాడు, ఆదివారం మూడింటికి మాత్రం ఆ ఊపిరి ఎక్కణ్ణుంచి వచ్చేదో నాకు ఇప్పటికీ తెలీదు. ఒకసారి ఏమైందంటే, రైల్వే వాళ్లతో ఆట, వింగరుకి అడ్డుపడే ఫుల్ బ్యాకు వాళ్లకి ఒకడు, బీరువా అంత ఉంటాడు... సరే, అది వేరే కథ, అందులో పడితే నీ ప్యాంటు ఇవాళ అవ్వదు.

మైదానానికి ఒక పక్కన రేకుల షెడ్డు ఉండేది. పైన రేకులే, వెనక గోడా రేకులే, కూర్చోటానికి చెక్క మెట్లు. నేను దుకాణం కట్టేసి గజం కర్ర చంకలో పెట్టుకుని వెళ్లేవాణ్ణి. బట్ట కొలిచే కర్రేరా, ఆదివారం పూట దానికి వేరే ఉద్యోగం. వెనక గోడకి ఆనుకుని కూర్చుని రేకు మీద కొట్టేవాణ్ణి. నేను మొదలుపెడితే మిగతావాళ్లు అరచేతులతో అందుకునేవాళ్లు. అవతల జట్టు గోల్‌కీపరు చెవులు మూసుకోవటం ఈ కళ్లతో చూశాను. సున్నానికి బంతి అందగానే నెమ్మదిగా కొట్టేవాణ్ణి, టక్, టక్, వాడు అడుగు పెంచితే నేనూ పెంచేవాణ్ణి, వెనక నుంచి ఎవడైనా మీదకొస్తుంటే ఇంకా జోరుగా. నేను ఇదంతా నా సంబరం కోసం చేస్తున్నాననుకున్నాను. ఒకరోజు జెర్సీ చంక దగ్గర చిరిగితే పట్టుకొచ్చి వాడే చెప్పాడు, "నాకు వెనక్కి తిరిగి చూసుకునే పనే లేదన్నా, నీ కర్ర చెప్తుంది" అని. ఆ మాటకి నేను వారం రోజులు నేల మీద లేను.

ఇంకో సంగతి చెప్పాలి, చెప్పకపోతే నేను చేసింది నీకు అర్థం కాదు. మీ అత్తయ్య పోయింది ఆ ఏడాదే. నువ్వింకా పుట్టలేదు. ఇంట్లో గట్టిగా ఏడిస్తే పక్కింటివాళ్లు వచ్చేస్తారు, వచ్చి ఓదారుస్తారు, అది ఇంకా కష్టం. దుకాణంలో ఏడవలేం, జనం వస్తూ పోతూ ఉంటారు. షెడ్డులో అయితే ఎంత అరిచినా ఏమిటయ్యా నీ బాధ అని ఎవడూ అడగడు. వారానికి గంటన్నర. మిగతా వారమంతా ఆ గంటన్నర కోసం మిషను తొక్కేవాణ్ణి. వాడు గీత వెంట పరిగెడుతుంటే నాకు ఛాతీలో పట్టేసిందేదో వదిలినట్టుండేది. అంతే, దానికింకో పేరు నాకు తెలీదు.

అలాంటి రోజుల్లో కబురొచ్చింది, పెద్ద క్లబ్బు నుంచి ఒక మనిషి వస్తున్నాడు, సున్నం ఆట చూట్టానికి, నచ్చితే తీసుకుపోతారు అని. ఇంక చూసుకో, నా దుకాణంలో పొద్దున లేస్తే అదే చర్చ. పోస్ట్‌మాన్ ఉండేవాడు, ఏదైనా తీర్పు చెప్పినట్టు చెప్పేవాడు. "పోనివ్వండయ్యా. మనం చూసి ముచ్చటపడటానికి వాడు బాబిన్లు మోస్తూ ఉండాలా? వాడికి తగిన చోటు వేరే ఉంది" అన్నాడు. కాంపౌండరు ఒప్పుకోలేదు. ఆయనకి ముక్కుతో మాట్లాడే అలవాటు, "ఆ కాళ్లు చూశారా అసలు, అగ్గిపుల్లలు, అక్కడివాళ్లు రెండు ఆటల్లో విరిచి పంపిస్తారు, అప్పుడు కట్టు కట్టాల్సింది నేనేగా" అని. టీకొట్టాయన బాధ టీకొట్టాయనది, వాడు పోతే జట్టు కింది డివిజనుకి పోతుంది, మైదానానికి ఎవడూ రాడు అని. ఆరు వారాలు ఇదే. తమాషా ఏంటంటే, వాడు రోజూ మిల్లుకి వెళ్తూ మా దుకాణం ముందునుంచే పోయేవాడు. వాడు కనపడితే అందరం నోరు మూసుకునేవాళ్లం. ఒక్కడంటే ఒక్కడు బయటికి వెళ్లి, ఏమయ్యా నీకు వెళ్లాలని ఉందా అని అడగలేదు. నవ్వకు. మీరు మాత్రం మీవాణ్ణి అడిగారా?

ఆ ఆలోచన నాదే. వేరేవాళ్ల మీదకి నెట్టను. శుక్రవారం పూట, ఎవరిదో కోటుకి కాజాలు కుడుతున్నాను, తల కూడా ఎత్తలేదు. "వచ్చినాయన ఆటని ఎంత చూస్తాడో జనాన్నీ అంత చూస్తాడు. మనం అరవకపోతే సరి" అన్నాను. అంతే. అందరూ నన్ను మహా మేధావిని చూసినట్టు చూశారు. టీకొట్టాయన అయితే నా వీపు మీద చరిచాడు. ఒక్క పోస్ట్‌మాన్ మాత్రం లేచి చెప్పులేసుకుని, "నేను ఆదివారం రాను" అని వెళ్లిపోయాడు. రాలేదు కూడా. రెండ్రోజుల్లో షెడ్డులో కూర్చునేవాళ్లందరికీ కబురు వెళ్లిపోయింది. ఆ మాట మా మధ్య ఎంత గుట్టుగా ఉంచామంటే, మిల్లులో వాడి పక్కన పనిచేసేవాళ్లు కూడా వాడి దగ్గర బయటపడలేదు.

ఆదివారం వచ్చింది. పెద్ద క్లబ్బాయన బట్టతల, గొడుగు, ఎవరితోనూ మాట్లాడడు. షెడ్డులోనే ముందు వరసలో కుర్చీ వేశారు. టీకొట్టాయన వెళ్లి పక్కన చేరి, ఈ మధ్య ఆ కుర్రాడికి మోకాలు బాగోలేదటండీ అని చెవిలో వేశాడు. ఆయన అవునా అన్నాడంతే. మొదటి సగం సున్నం అవతలి అంచున ఆడాడు. అక్కడ ఇద్దర్ని దాటేశాడు, గోలు ముందుకి క్రాసు కొట్టాడు, గోలు అయ్యింది. గోలు అయ్యిందిరా, షెడ్డులో గాలి వీచిన చప్పుడు కూడా లేదు. ఒకాయన అలవాటు కొద్దీ లేవబోతే కాంపౌండరు చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టాడు. గోలు కొట్టినవాడు మా వైపు చేతులెత్తి పరిగెత్తుకొచ్చి, మధ్యలో ఆగిపోయి, మా మొహాలు చూసి వెనక్కి వెళ్లాడు. రెండో సగంలో జట్లు వైపు మారతాయి కదా, సున్నం మా ముందుకొచ్చాడు. షెడ్డుకీ వాడికీ మధ్య పది అడుగులు. బంతి అందింది. ఎదర ఫుల్ బ్యాకు. వాడు బంతిని గీత మీదకి లాగి, భుజం ఇటు వంచి అటు పోయాడు, ఫుల్ బ్యాకు కాళ్లు మెలికపడి కూర్చుండిపోయాడు. నా జన్మలో అంత అందమైన ఆట ఇంకోటి చూడలేదు. గజం కర్ర నా ఒళ్లో ఉంది. దాన్ని తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నాను.

అప్పుడు తిరిగి చూశాడు. బంతి కాలి దగ్గర ఉండగా వాడు వెనక్కి తిరగటం నేను చూడటం అదే మొదటిసారి. ఎవడైనా వస్తున్నాడేమోనని చూశాడు. తర్వాత మా వైపు చూశాడు. సూటిగా నా వైపే. నేను తల దించుకుని బూట్ల తాళ్లు కట్టుకున్నట్టు నటించాను. నాకున్నవి చెప్పులు. తల ఎత్తేసరికి బంతి అవతలివాడి దగ్గరుంది. ఇంక ఆ తర్వాత వాడు ఎవర్నీ దాటలేదు. బంతి వస్తే వెనక్కి ఇచ్చేయటం, వస్తే వెనక్కి ఇచ్చేయటం. ఆట అయ్యాక బట్టతలాయన గొడుగు తీసుకుని లేచి మా అందర్నీ ఒకసారి తేరిపార చూశాడు. ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

వారం అయ్యింది, నెల అయ్యింది, వాడు మిల్లుకి వెళ్తూనే ఉన్నాడు. మా ఎత్తు పారిందని మేము మురిసిపోయాం. తర్వాతి ఆదివారం గొంతులు పోయేలా అరిచాం, నేను కర్ర విరిగేలా కొట్టాను. ఏం లాభం? వాడు ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసుకునేవాడు. ఎంత కొట్టనీ, ఒకసారి మెడ తిప్పి చూసుకునేవాడు. వింగరుకి అదొక్క క్షణం చాలు, బంతి పోతుంది. ఇంకో ఆరేళ్లు ఆడాడు. బాగానే ఆడాడు, అందరిలాగే. ఆ ఆరేళ్ల చివర్లో షెడ్డులో కొత్తగా వచ్చినవాళ్లు, వీడిలో పెద్ద సరుకేం లేదయ్యా, ఉంటే ఎప్పుడో పెద్ద క్లబ్బు వాళ్లు ఎగరేసుకుపోయేవాళ్లు అనేవాళ్లు. నేను విన్నాను. పక్కనే కూర్చుని విని, అవునన్నట్టు తల ఊపాను కూడా. తర్వాత మిల్లు స్టోర్సులో వేశారు వాణ్ణి. పెళ్లి, ఒక కూతురు, గుట్టుగా బతికాడు. బట్టలన్నీ నా దగ్గరే. పాతికేళ్లు నేను వాడి నడుము కొలిచాను అల్లుడూ, ఆ ఆదివారం ఊసు నేనూ ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు.

చివరికి ఆ దూదే పట్టుకుంది, ఊపిరితిత్తులు. ఎవరూ నాకు చెప్పక్కర్లేకపోయింది, నా టేపే చెప్పింది. ముందు రెండంగుళాలు తగ్గాడు, తర్వాత ఇంకో రెండు. అదే ప్యాంటు మళ్లీ మళ్లీ పట్టుకొచ్చేవాడు, కాస్త బిగించన్నా అని. ఆఖరిసారి వచ్చినప్పుడు నువ్వు నిలబడ్డ చోటే నిలబడ్డాడు. స్టూలు ఎక్కలేకపోతే నేనే కింద కూర్చుని నడుము దగ్గర గుండుసూదులు గుచ్చుతున్నాను. ఉన్నట్టుండి అన్నాడు. "అన్నా, నీకొకటి చెప్పలేదు. ఆ బట్టతలాయన ఆట అయ్యాక నా దగ్గరికొచ్చాడు. వచ్చే నెల ఒకటో తారీకుకి బయల్దేరి రా అన్నాడు."

నడుము దగ్గర గుచ్చిన సూదే తీసి మళ్లీ గుచ్చాను.

"నేనే రానన్నాను. ఆయన చూసింది ఒక్క ఆట. మీరు నాలుగేళ్లు చూశారు. నా ఆట మీకంటే ఎవరికి తెలుసన్నా? ఆ రోజు నేను బాగానే ఆడాననుకున్నాను. మీరే నోరు మెదపలేదంటే, నేను అనుకున్నంత లేదని అర్థమైంది." అని, దగ్గొచ్చి ఆగాడు. నా భుజం మీద చెయ్యి వేసి నిలదొక్కుకుని, ఇంకో మాట కూడా అన్నాడ్రా. "మొహమాటానికి చప్పట్లు కొట్టి ఉంటే, నమ్మి వెళ్లి అక్కడ అభాసుపాలయ్యేవాణ్ణి. మీరు నాకు మేలే చేశారు" అన్నాడు.

చెప్పాల్సింది ఎంత, నాలుగు ముక్కలు. నువ్వు బాగా ఆడావు తమ్ముడూ, నువ్వు పోతావని భయపడి మేమే నోరు కట్టుకున్నాం, ఆ మాట అన్నది నేనే. ఇంతే కదా. వాడు ఇంకో పన్నెండు రోజులు బతికాడు. పన్నెండు రోజులైనా తెలిసి బతికేవాడు. అప్పట్లో నాకు గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని పనిచేసే అలవాటుండేది. ఇప్పుడు మానేశాను. అవి తీసి పక్కన పెడితే చాలు, మాట్లాడొచ్చు. తీయలేదు. ఆ సూదులు అలాగే పట్టుకుని, తల ఎత్తకుండా, "ఊఁ" అన్నాను.

తిన్నగా నిలబడు, అల్లుడూ. ఎడమ కాలు పొడుగొస్తోంది.