సారు ఆగిన కాడ

ఈ పాటనా? ఆపకు సువర్ణా, ఉండనియ్యి. గిన్నెలు కడుక్కుంటనే ఇను. ఈ పాడేటాయన మనింట్లనే డ్రైవరుండె, నువ్వు రాక ముందు. బాలకిషన్ సారు. జగిత్యాల దిక్కు ప్రైవేటు బడిల పంతులు. బడి మూతవడితే గీ అరబ్బుల దేశం, జహ్రాకు అచ్చిండు. కార్ల కూసున్నా పంతులుతనం పోలె. మన దొరసాని మామా పిల్లలు అల్లరి చేస్తే సూపుడేలు లేపుతుండె. వాళ్లకు తెలుగు రాకున్నా సప్పుడు బందు. ఆఁ, పాట ముచ్చట కదా, అస్తున్న.

పొద్దుగాల వాకిట్ల కారు కడుక్కుంట పాడుతుండె. 'ఇసుక మీద పొద్దు గూకె, ఇంటి తొవ్వ యేదే పిట్టా' అని ఒక్క ముక్క పాడి ఆగుతుండె, బడిల పిల్లలతోటి అనిపిచ్చినట్టు. నేను గీ కిటికీలకెల్లి 'యేదే పిట్టా' అని అందుకోవాలె. అందుకోకుంటే గాడనే నిలవడుతుండె, నీళ్ల పైపు పట్టుకోని. గా జరంత సేపట్ల నాకు మా ఊరి వాకిలి కండ్లవడుతుండె బిడ్డా, పసుపు ఎండవోసిన వాకిలి. ఈడ ఉన్నట్టే ఉండకపోతుంటి.

ఒక శుక్రవారం, సెలవునాడు, ఈడి పట్నంల మిర్కాబ్ కాడ మనోళ్ల సభ. సారును పాడుమన్నరు. ఒక్క ముక్క పాడి ఆగిండు. జనం మర్సిపోయిండనుకున్నరు. ఒకడు ఈల గొట్టె, ఇంకొకడు 'ఖలాస్, దిగు సారూ' అనవట్టె. సారు చెవుకాడ చెయ్యి వెట్టుకోని అట్లనే నిలవడ్డడు, మొఖం సున్నమోలె అయ్యింది. నాకు పానం ఆగలె. ఎనుక వరుసల లేసి అందుకున్న. మల్లోసారికి సభంత అందుకున్నది.

ఎవలో ఫోన్ల వీడియో తీసిండ్రు, గది మన ఊర్లదాంక పోయింది. ఇగ సారు ఈడ పని ఇడిసి పోయిండు. పెండ్లంటే సారు పాటనే, జాతరంటే సారు పాటనే. స్టూడియోల 'గీ ఖాళీల సంగీతం నింపుదాం సారూ' అన్నరట. 'ఖాళీ గాదయ్యా, అది రాజక్క వంతు' అని నా పేరే చెప్పిండట. ఫోన్ల నవ్వుకుంట నాకే చెప్పిండు.

కరోనల పోయిండు. విమానాలు బందు, నేనీడనే. గప్పటిసంది పాట ఇంట గని అందుకోను. అందుకోకుంటే సారు గాడనే నిలవడి ఉంటడని, నీళ్ల పైపు పట్టుకోని. పిచ్చి ముచ్చటే, నాకెరుకనే.

...ఏందే, నువ్వందుకున్నవా?

అగో. సారు ముందటికి పోయిండు.

...మామా పిలుస్తున్నది. గా చాయ్ పట్కపో.